చెరిపేస్తే తిరిగొచ్చే పాటలు

ఆ సంగీత పాఠశాల మేడ మీద వరసగా నాలుగు గదులు. మొదటి దాంట్లో గాత్రం, రెండో దాంట్లో వయొలిన్, మూడో దాంట్లో డాన్సు. నాలుగోది చివరి గది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు.

నిజానికి వెళ్ళాల్సిన పని కూడా ఏమీ లేదు. అటు మెట్లు లేవు, కుళాయి లేదు. కానీ పనిలేక వెళ్ళకపోవడం వేరు. కారిడార్ చివర లైటు ఆర్పడానికి ఇద్దరిద్దరు కలిసి వెళ్ళడం వేరు.

ముందుగా విన్నది ఆయా. ఒక రాత్రి మరిచిపోయిన చీపురు కోసం మేడెక్కింది. చివరి గది తలుపు వేసి ఉంది. లోపల లైటు లేదు. చప్పుడు మాత్రం ఉంది…

టక్… టక్… టక టక…

“పాట కాదమ్మా, రాగం కాదు. గోళ్ళతో చెక్క మీద కొడుతున్నట్టు,” అని మర్నాడు అందరికీ చెప్పింది. రెండో రోజు చెప్పేటప్పటికి గోళ్ళు కాస్త పొడుగయ్యాయి.

తర్వాత వాచ్‌మన్ విన్నాడు. అతను చప్పుడుతో పాటు నిట్టూర్పు కూడా విన్నాడు. ఆ పైన ఒక కథ పుట్టింది. ఎప్పుడో ఆ గదిలో పెద్ద పియానో ఉండేదట. దాన్ని శ్రుతి చేయడానికి వచ్చిన మనిషి మీటల మీద చెయ్యి పెట్టి అలాగే ప్రాణం వదిలేశాడట. ఆ పని పూర్తి కాలేదు కాబట్టి రాత్రిపూట వచ్చి మీట మీట నొక్కి చూసుకుంటాడట.

ఆ బడిలో పియానో ఉన్నట్టు ఏ రిజిస్టరులోనూ లేదు. ఈ కథ ముందు ఎవరు చెప్పారని అడిగితే ప్రతివాళ్ళూ ఇంకొకళ్ళ పేరు చెప్పేవాళ్ళు.

ఇదంతా నాకు ఆ బడి డాన్సు టీచరు చెప్పింది. ఆమెకు కీబోర్డు టీచరు చెప్పింది. ఇద్దరి నోళ్ళూ దాటి వచ్చింది కాబట్టి కొంచెం పెరిగి ఉండొచ్చు. తగ్గలేదని మాత్రం నేను హామీ ఇవ్వగలను.

*

కీబోర్డు టీచరు ఆ బడికి కొత్త. పాతికేళ్ళుంటాయి. ఉన్న ఒక్క కీబోర్డునూ ఆ చివరి గదిలోనే పెట్టారు. ఎనభై ఎనిమిది మీటలు, ఇనుప స్టాండుకి మరలతో బిగించింది. కదపాలంటే నలుగురు కావాలి.

ఆ బడికి పెద్ద వయొలిన్ మాస్టారే. నలభై ఏళ్ళుగా వయొలిన్ చెబుతున్న మనిషి. ఆయన దృష్టిలో కీబోర్డు వాయిద్యం కాదు. “కరెంటు పోతే నోరు మూసుకునేది వాయిద్యం ఎలా అవుతుంది?” అని పిల్లల తల్లిదండ్రుల ముందే అనేవారు. దానికి ఆయన పెట్టిన పేరు ‘డబ్బా’.

వార్షికోత్సవం మూడు వారాలు ఉందనగా ఆయన కొత్త టీచరుని పిలిచి, “మీ డబ్బా పిల్లలు కూడా ఏదో ఒకటి వాయించాలి కదా,” అన్నారు.

పిల్లలు పదకొండు మంది. అందరూ ఈ ఏడే మొదలుపెట్టారు. కుడి చేత్తో పాట వాయించగలరు. మిగతాది, అంటే ఎడమ చెయ్యి, తాళం, వెనక వచ్చే తీగల మోత, టీచరు తానే వాయించి కీబోర్డులో దాచిపెట్టాలి. పిల్లవాడు వచ్చి కూర్చుంటే ఆ ఫైలు మోగుతుంది, వాడు దాని మీద పాట వాయిస్తాడు. ఒకమ్మాయి నత్తలా వాయిస్తుంది, ఇంకో అమ్మాయి వెనక ఎవరో తరుముతున్నట్టు వాయిస్తుంది. కాబట్టి ఎవరి ఫైలు వాళ్ళ నడకలో ఉండాలి. పదకొండు మందికి పదకొండు ఫైళ్ళు. ఫోనులో రికార్డు చేస్తే ఈ పని జరగదు; పిల్ల తడబడితే అప్పటికప్పుడు నడక తగ్గించడం కీబోర్డులోనే కుదురుతుంది.

మొదటి ఫైలు చేసి దాచబోయింది. ఇంత పెద్ద ఫైలుకి స్థలం లేదంది కీబోర్డు.

చూస్తే లోపల పందొమ్మిది పాటలున్నాయి. పోయినేడు వార్షికోత్సవానికి పాత టీచరు చేసినవి. ఆ పిల్లల్లో సగం మంది బడి మానేశారు కూడా. ఒక్కొక్కటే చెరిపేసింది. తర్వాత నాలుగు రోజులు కూర్చుని నాలుగు ఫైళ్ళు చేసింది.

అయిదో రోజు పొద్దున కీబోర్డు ఆన్ చేసింది.

ఆమె నాలుగూ లేవు.

చెరిపేసిన పందొమ్మిదీ… వరసలో, పేర్లతో సహా… మళ్ళీ ఉన్నాయి.

*

“సేవ్ చేయడం మరిచిపోయి ఉంటావు,” అన్నారు వయొలిన్ మాస్టారు.

“చేశాను మాస్టారూ. నాలుగూ చేశాను.”

“మరి ఎక్కడికి పోతాయి? కాళ్ళున్నాయా వాటికి?”

సేవ్ చేయకపోతే తనవి పోవచ్చు, నిజమే. చెరిపేసినవి తిరిగి ఎలా వస్తాయి? ఆ మాట అంటే మాస్టారు నవ్వుతారని ఆమె అనలేదు. ఆయాతో మాత్రం అంది.

ఆయా చీపురు కింద పెట్టేసింది.

“చెరిపేశారా? అడక్కుండా? టీచరమ్మా, ఎవరి పాటలు ఎవరివని చెరిపారు? ఆయనకి కోపం రాదూ?”

“ఎవరికి?”

ఆయా పైకి చూసి, కారిడార్ చివరికి చూసి, పెదాలు మాత్రం కదిపింది. “ఆ… శ్రుతి చేసే ఆయనకి.”

టీచరు నవ్వేసింది. కానీ ఆ రోజు నుంచి గదికి తాళం వేయమని అడిగింది. తాళాలన్నీ మాస్టారు దగ్గరే ఉంటాయి. సాయంత్రం అందరి ముందూ ఆయనే స్వయంగా తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకునేవారు. ఆమె మళ్ళీ ఆ పందొమ్మిదీ చెరిపింది. మళ్ళీ మొదటి నుంచి చేసింది. ఈసారి ఏడయ్యాయి. ప్రతి ఫైలూ డాన్సు టీచరు చూస్తుండగా సేవ్ చేసింది.

“చూశావుగా అక్కా? సాక్ష్యం నువ్వే.”

“చూశానే బాబూ. కోర్టులో చెప్పమన్నా చెప్తా.”

వారం గడిచింది. ఏమీ కాలేదు. ఎనిమిదో రోజు పొద్దున మాస్టారు వచ్చి తాళం తీశారు. తాళం వేసింది వేసినట్టే ఉంది. కిటికీ గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది.

లోపల ఏడూ లేవు. పందొమ్మిదీ ఉన్నాయి.

డాన్సు టీచరు ముఖం పాలిపోయింది. మాస్టారు గది నాలుగు మూలలూ చూశారు. తర్వాత గొంతు సవరించుకుని, అవసరమైన దానికంటే గట్టిగా అన్నారు.

“ఇంకోసారి ఇలా జరిగిందంటే ఆ డబ్బాని వెనక షెడ్డులో పెట్టించేస్తాను. క్లాసు ఉండదు. పిల్లలు వయొలిన్ పట్టుకుంటారు.”

ఇంకోసారి. అంటే వార్షికోత్సవం నాడు ఫైళ్ళు లేకపోతే పదకొండు మంది పిల్లలకి క్లాసు లేదు, ఆమెకి పని లేదు.

ఫైళ్ళకి ఒక నకలు తీసి ఇంట్లో పెట్టుకోవాలని ఆమెకి తోచకపోలేదు. ఆ కీబోర్డు పాతది. ఇప్పటి పెన్‌డ్రైవులు దానికి పట్టవు. పెడితే ‘ఇదేమిటో నాకు తెలియదు’ అన్నట్టు స్క్రీన్ మీద ఒక ప్రశ్నార్థకం చూపిస్తుంది. మూడు కొని పెట్టి చూసింది, మూడుసార్లూ ప్రశ్నార్థకమే. కొన్నప్పుడు కీబోర్డుతో పాటే ఒక చిన్న పెన్‌డ్రైవు వచ్చిందట. అది సొరుగులో ఉండాలట. లేదు.

మిగిలింది ఆరు రోజులు. రోజుకి రెండు చొప్పున పదకొండూ పూర్తి చేసింది. వేళ్ళు వాచాయి. వార్షికోత్సవం ముందు రోజు సాయంత్రం ఆఖరిది సేవ్ చేసి, పేర్లు కాగితం మీద రాసుకుని, మూడుసార్లు సరిచూసింది. పదకొండు.

అప్పుడు డాన్సు టీచరుతో మెల్లగా అంది. “అక్కా, ఈ రాత్రి నేను ఇంటికి వెళ్ళను. గదిలోనే ఉంటా.”

“పిచ్చా నీకు?”

“నువ్వు తోడుంటావా?”

“తప్పకుండా ఉంటా. నేను లేకుండా నువ్వొక్కదానివేనా?” అంది డాన్సు టీచరు. ఎనిమిదిన్నరకి ఒక టార్చిలైటు, ఫ్లాస్కులో టీ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. “ఇదిగో. నేను కింద ఉంటా.”

“కింద అంటే?”

“కింద అంటే… మా ఇంట్లో. ఫోను పక్కనే పెట్టుకుని పడుకుంటాలే.”

*

గదిలో ఒక మూల డ్రమ్ముల పెట్టెలు పేర్చి ఉంటాయి. వాటి వెనక ఒక మనిషి కూర్చునేంత చోటుంది. తొమ్మిదికి మాస్టారు వచ్చే వేళకి ఆమె అక్కడ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

ఆయన లోపలికి తొంగి చూశారు. లైటు ఆర్పారు. తాళం పడింది. లాగి చూసిన చప్పుడు. చెప్పులు మెట్లు దిగిపోయాయి.

ఇప్పుడు ఆమె తాళం లోపల ఉంది. ఈ విషయం అప్పుడే తట్టింది ఆమెకి. ఏదైనా జరిగితే బయటికి పరిగెత్తే దారి లేదు.

పదయింది. కింద వాచ్‌మన్ విజిల్ వేసుకుంటూ గేటు దాకా వెళ్ళి వచ్చాడు. పదకొండయింది. టీ అడుగంటింది. టార్చి వేసి చూద్దామనుకుంది, వేస్తే ఏం కనిపిస్తుందో అని వేయలేదు.

పదకొండున్నర దాటాక…

మెట్ల మీద అడుగులు.

చెప్పుల చప్పుడు లేదు. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చుకుంటూ. ఒకటి గట్టిగా… ఒకటి ఈడ్చుకుంటూ…

కారిడార్లోకి వచ్చాయి. గాత్రం గది దాటాయి. వయొలిన్ గది దాటాయి. డాన్సు గది దాటాయి.

ఆగాయి.

తాళం తిరిగింది.

దెయ్యానికి తాళంచెవి ఎందుకు, అని ఆమె బుర్రలో ఒక మూల అనిపించింది. ఆ మూల తప్ప మిగతా బుర్రంతా చల్లబడిపోయింది.

తలుపు తెరుచుకుంది, మూసుకుంది. లైటు వెలగలేదు. ఏదో ఒక ఆకారం కీబోర్డు ముందుకి వచ్చి కూర్చుంది. బట్టల సవ్వడి… ఇంకేదో తీగ ఈడ్చిన సవ్వడి…

ఉన్నట్టుండి నీలం వెలుగు.

ఆమె పెట్టెల సందులోంచి చూసింది. కీబోర్డు స్క్రీన్ వెలుగు అది. ఆ వెలుగు ముందు నల్లటి ముద్ద ఒకటి. భుజాలున్నాయి.

తల లేదు.

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

టక్… టక్… టక్… టక్…

మీటలు కిందికి దిగుతున్నాయి, పైకి లేస్తున్నాయి. కీబోర్డులోంచి మాత్రం చిన్న శబ్దం కూడా లేదు. ఎనభై ఎనిమిది మీటల వాయిద్యం, వాయిస్తుంటే మోగడం లేదు. ఆయా చెప్పింది అక్షరాలా నిజం. గోళ్ళతో చెక్క మీద కొడుతున్నట్టే ఉంది.

నల్లటి ముద్ద అంచు కింద నుంచి ఒక చెయ్యి మీటల మీదికి వచ్చి ఉంది. నీలం వెలుగు ఆ చేతి మీద పడుతోంది. ఆమె ఆ వేళ్ళు చూసింది.

లెక్కపెట్టింది.

నాలుగే ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టింది. చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, చూపుడు వేలు… అంతే. బొటనవేలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

టక్… టక్… టక్… టక్…

అప్పుడు ఆ ముద్దలోంచి గొణుగుడు వినిపించింది. గొంతు లేని గొంతు, గుసగుస.

“ఒకటి… రెండు… మూడు… నాలుగు…”

ఆగింది.

“ఐదు…”

ఇంకాసేపు ఆగింది.

“ఛ!”

*

ఆ ‘ఛ’ దగ్గర ఆమె భయం కొంచెం తడబడింది.

దెయ్యాలు అరుస్తాయని విన్నది, ఏడుస్తాయని విన్నది, నవ్వుతాయని విన్నది. విసుక్కుంటాయని ఎవరూ చెప్పలేదు.

“ఒకటి… రెండు… మూడు… నాలుగు… ఐదు… ఛ!”

మళ్ళీ.

“ఒకటి… రెండు… మూడు… నాలుగు… ఐ… ఛ! ఛ!”

పదిహేడుసార్లు. అదే చోట. ఆమె వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. ఆరోసారికి వణుకు తగ్గింది. పదోసారికి ఆ టకటకల వరస ఏమిటో తెలిసింది. మొదటి పుస్తకం, అయిదో పాఠం. పదకొండు మంది పిల్లలకీ తను చెప్పిన పాఠమే. ఏ వేలితో ఏ మీట నొక్కాలో పుస్తకంలో అంకెలు వేసి ఉంటాయి.

పదిహేనోసారికి తప్పెక్కడుందో కూడా తెలిసింది.

వయొలిన్ పట్టుకునేవాళ్ళకి ఒకటి అంటే చూపుడు వేలు. బొటనవేలు తీగల జోలికి పోదు, వాయిద్యాన్ని కింద నుంచి ఆనుకుని ఉంటుంది. కీబోర్డుకి ఒకటి అంటే బొటనవేలు. ఈ చెయ్యి ఒకటి అన్నచోట చూపుడు వేలు పెడుతోంది. బొటనవేలిని మీటల కిందికి, చెక్క అంచుకి ఆనించి దాచేసింది. నాలుగు దాకా బాగానే వెళుతుంది. ఐదు అనేసరికి చేతిలో వేళ్ళు అయిపోతున్నాయి.

వయొలిన్ క్లాసులోంచి వచ్చే ప్రతి పిల్లా మొదటి వారం చేసే తప్పు ఇది. ఇంకెవరూ చేయరు.

పదహారోసారి ఆమె పళ్ళు బిగపట్టింది. పదిహేడోసారి ఇక ఆగలేకపోయింది. భయం ఎక్కడికి పోయిందో, ఆమెకి ఒళ్ళు మండింది. పాఠం చెప్పేవాళ్ళకి ఆ మంట తెలుస్తుంది. లేచి పెట్టెలు దాటుకుని వచ్చింది.

“బొటనవేలు!” అంది.

ఆ ఆకారం పలకలేదు. “ఒకటి… రెండు…”

“బొటనవేలు బయటికి తీయండి!”

“మూడు… నాలుగు…”

ఆమె చీకట్లోంచి చెయ్యి చాపి, మీటల కింద దాక్కున్న ఆ బొటనవేలిని గట్టిగా పట్టుకుని, పైకి లాగింది.

“దెయ్యం!”

ఆ కేక వేసింది ఆమె కాదు.

ఆకారం ఎగిరిపడింది. శాలువా జారింది. కింద హెడ్‌ఫోన్సు పెట్టుకున్న తల బయటపడింది. హెడ్‌ఫోన్స్ తీగ ఊడి వచ్చింది. పడిపోకుండా పట్టుకోబోయిన రెండు మోచేతులూ మీటల మీద పడ్డాయి. ఏ బొత్తాం ఎప్పుడు నొక్కారో, కీబోర్డు ఆ రాత్రి మనుషుల గొంతుల మీద ఉంది. వాల్యూమ్ చివరిదాకా ఉంది.

“ఆ……………!”

ముప్ఫై మంది ఆడా మగా ఒక్కసారి గొంతెత్తినట్టు మోగింది గది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. కింద వాచ్‌మన్ విజిల్ ఒక్కసారి వినిపించింది. తర్వాత ఆ విజిల్ ఆగకుండా మోగుతూ గేటు దాటి, వీధి మలుపు దాటి, చాలా దూరం వెళ్ళిపోయింది.

టీచరు టార్చి వేసింది.

వయొలిన్ మాస్టారు నేల మీద కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ ముఖానికి అడ్డం. “చెరపను… ఏమీ చెరపను… నన్నొదిలెయ్…” అంటున్నారు.

“మాస్టారూ, నేను.”

వేళ్ళ సందులోంచి చూశారు. “ఎవరు నువ్వు?”

“నేనే మాస్టారూ. డబ్బా టీచర్ని.”

*

చీకట్లో చెప్పుల్లేకుండా మెట్లు తడుముకుంటూ వచ్చిన కాలు రుద్దుకుంటూ, ఆయన చాలాసేపటికి కుర్చీలోకి వచ్చారు. ఆమె ఫ్లాస్కు వంచి చూసింది, అడుగున రెండు గుక్కలున్నాయి. తాగారు.

“ఎవరితోనూ అనకు అమ్మాయ్,” అన్నారు.

“ఎందుకు మాస్టారూ ఇలా దొంగతనంగా? నన్నడిగితే చెప్పేదాన్ని కదా.”

“నలభై ఏళ్ళు డబ్బా డబ్బా అని తిట్టిన నోటితో ఏమని అడగను?” ఎడమ చెయ్యి ఎత్తి ఆ వెలుగులో పట్టుకున్నారు. చిటికెన వేలు సగం వంగి అలాగే ఉండిపోయింది. “ఏడాది నుంచి ఇది నా మాట వినడం లేదు. స్వరం వెంట్రుకవాసి పక్కకి పోతోంది. వినేవాళ్ళకి తెలియడం లేదు. నాకు తెలుస్తోంది.”

ఆమె టార్చి వెలుగు ఆ వేలి మీదికి జరిపింది.

“దీంట్లో అయితే స్వరం ఎక్కడ పెట్టారో అక్కడే ఉంటుంది. వెతుక్కోనక్కర్లేదు. నొక్కితే చాలు. వయొలిన్ ఆపేశాక ఊరికే కూర్చోలేను కదా.”

“మరి ఆ శ్రుతి చేసే ఆయన, పియానో…”

మాస్టారు శాలువా సర్దుకున్నారు. “అది నేనే చెప్పాను. ఆయా చప్పుడు విందని తెలిశాక. ఎవరూ ఇటు రాకుండా ఉంటారని.”

“భలేవారు మాస్టారూ! అయితే దెయ్యం లేదన్నమాట.”

ఆయన ఉలిక్కిపడి గది మూలలు చూశారు. గొంతు తగ్గించారు. “అలా గట్టిగా అనకు. ఉంది.”

“మీరు కల్పించినదే కదా?”

“కథ నేను కల్పించాను. నీ ఫైళ్ళు పోవడం నేను కల్పించలేదుగా? తాళం వేసిన గదిలో! ఆ తాళంచెవి నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. ఊరికే అన్న మాట ఎవరో విన్నారమ్మాయ్. విని… వచ్చారు.”

ఆయన వేళాకోళం ఆడటం లేదు. నుదుటి మీద చెమట పట్టింది.

“మొదటిసారి నీవి పోయాక భయం వేసి వారం దాకా రాలేదు. మళ్ళీ చెయ్యి ఊరుకోలేదు, వచ్చాను. ఆ రాత్రే మళ్ళీ పోయాయి. అందుకే షెడ్డు అన్నాను. షెడ్డు తాళం కూడా నా దగ్గరే. అక్కడైతే దెయ్యం ఉండదు, హాయిగా నేర్చుకోవచ్చు అని.”

“మరి నా క్లాసు?”

మాస్టారు శాలువా దులుపుకుని లేచారు. “రేపు దీన్ని కిందికి దించితే మళ్ళీ ఎన్నాళ్ళకో అని ఈ రాత్రి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని వచ్చాను. ఇక పోదాం పద. ఒక్క నిమిషం, నా తప్పులు చెరిపేసి వస్తాను.”

“తప్పులు చెరపడమేంటి?”

“వచ్చినప్పుడల్లా వాయించింది రికార్డు చేసుకుని వింటాను. ఎక్కడ తప్పానో తెలియాలిగా. అవి ఉంచితే పొద్దున నువ్వు చూస్తావు. అందుకని వెళ్ళేముందు చెరిపేస్తాను. ఇది కొన్నప్పుడు కొట్టువాడు నాకు చూపించాడు. ఈ అక్షరాలు నాకు ఆనవు. లెక్క గుర్తుపెట్టుకున్నా.”

జేబులోంచి తాళాల గుత్తి తీశారు. దానికి ఒక చిన్న, పాత పెన్‌డ్రైవు వేలాడుతోంది. కీబోర్డు వెనక్కి చెయ్యి పెట్టి, అలవాటైన చేత్తో దాన్ని గుచ్చారు. ప్రశ్నార్థకం రాలేదు.

“కిందికి మూడు… కుడికి ఒకటి… నొక్కు… కిందికి రెండు… నొక్కు…”

ఆమె ఆయన భుజం మీదుగా స్క్రీన్ చూసింది.

కీబోర్డు ఒక ప్రశ్న అడుగుతోంది. ఇప్పుడు ఉన్నవన్నీ తీసేసి, ఈ పెన్‌డ్రైవులో దాచినవి పెట్టాలా? కింద రెండు గడులు. అవును. కాదు. ‘అవును’ మెరుస్తోంది.

“…ఇంక ఇది ఒక్కటి,” అంటూ మాస్టారు వేలు దించారు.

ఆమె ఆ వేలిని గాల్లోనే పట్టుకుంది.

“మాస్టారూ. మీరు ప్రతిసారీ నొక్కేది ఇదేనా?”

“ఇదే. ఏం?”

“దీంట్లో ఏముందో తెలుసా?”

“ఖాళీ. నొక్కితే నావి పోతాయి.”

“ఖాళీ కాదు. పోయినేడు పాత టీచరు దాచిన పందొమ్మిది పాటలు. నొక్కితే మీ ఒక్కరివే కాదు, లోపలున్న అందరివీ పోతాయి. ఆ పందొమ్మిదీ వచ్చి కూర్చుంటాయి.”

మాస్టారు స్క్రీన్ వైపు చూశారు. ఆ అక్షరాలు ఆయనకి ఇప్పుడూ ఆనలేదు. ఆమె ముఖం వైపు చూశారు.

ఆమె ‘కాదు’ నొక్కింది. ఫైళ్ళ వరస తెరిచింది. పదకొండూ ఉన్నాయి. కింద పన్నెండోది, ఆ రాత్రి మాస్టారిది. ఒక్కొక్కటీ ఆ పాత పెన్‌డ్రైవులోకి ఎక్కించడం మొదలుపెట్టింది. ఒక్కో ఫైలుకి స్క్రీన్ మీద చిన్న గీత ఎడమ నుంచి కుడికి పాకుతుంది. పాతది కదా, తీరిగ్గా పాకుతుంది.

ఒకటి. రెండు. మూడు.

మాస్టారు శాలువా ఒళ్ళో పెట్టుకుని, ఏదో పెద్ద లెక్క మనసులో కడుతున్నట్టు కళ్ళు చిట్లించి కూర్చున్నారు.

ఏడు. ఎనిమిది.

తిడతారేమో అనుకుంది ఆమె. లేక సిగ్గుతో కుంచించుకుపోతారేమో అనుకుంది. ఎలా ఊరుకోబెట్టాలా అని మాటలు వెతుక్కుంది.

పది. పదకొండు.

పెన్‌డ్రైవు లాగి పిడికిట్లో బిగించుకుని వెనక్కి తిరిగింది. “అయిపోయింది మాస్టారూ. రేపు పిల్లలు వాయిస్తారు.”

“అమ్మాయ్,” అన్నారు మెల్లగా. “అయితే ఆ ఫైళ్ళు చెరిపింది…”

“మీరే మాస్టారూ.”

“రెండుసార్లూ?”

“రెండుసార్లూ.”

“ఇంకెవరూ లేరు? నువ్వు… బాగా చూశావా?”

“ఎవరూ లేరు. ఈ గదిలో దెయ్యం మీరొక్కరే.”

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. రెండు వారాలుగా పట్టి ఉంచిన ఊపిరి ఒక్కసారిగా వదిలేశారు. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా విచ్చుకుంది.

“అమ్మయ్య!” అన్నారు. “చచ్చిపోతున్నాననుకో భయంతో.”